బిల్లుకెక్కిన సిరంజి, ఫైలుకెక్కని అలర్జీ: ఒక సమన్వయ వైద్య సేవలో 13 నెలలు

హైదరాబాదులోని ఒక పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి, షుగరు, బీపీ, గుండె, కిడ్నీ సమస్యల్లో రెండు మూడు కలిసి ఉన్న పెద్దవాళ్ళ కోసం ఏడాది చందా మీద ఒక సేవను నడుపుతోంది. ఒకే రోగిని చూసే నలుగురు డాక్టర్ల మధ్య సమాచారం జారిపోకుండా చూడటం, రిపోర్టులన్నీ ఒకే యాప్‌లో ఉంచడం, వీటిని కనిపెట్టుకుని ఉండటానికి ఒక నర్సును కేటాయించడం ఇందులో భాగమని వాళ్ళు చెబుతారు. 74 ఏళ్ళ మా నాన్నగారి కోసం దీన్ని తీసుకుని 13 నెలలైంది. చందా ఏడాదికి 12,000 రూపాయలు. డాక్టరు ఫీజులు, పరీక్షలు, మందులు వేరు. ఆసుపత్రి పేరు రాయడం లేదు. నాన్నగారి వైద్యం ఇంకా అక్కడే సాగుతోంది, పైగా నేను చెప్పబోయే లోపాల్లో చాలావాటిని బంధువుల వెంట వేరే ఆసుపత్రులకు వెళ్ళినప్పుడు కూడా చూశాను.

నాన్నగారికి 22 ఏళ్ళుగా షుగరు ఉంది. 2016లో గుండెకు స్టెంటు వేశారు. కిడ్నీల పనితీరును చెప్పే రక్త పరీక్ష అంకె, క్రియాటినిన్, మూడేళ్ళుగా మెల్లగా పెరుగుతూ 1.3 నుంచి 1.6కు వచ్చింది, ఆయన వయసుకు ఆ అంకె, కిడ్నీలు దాదాపు సగం సామర్థ్యంతోనే పనిచేస్తున్నాయని చెబుతుంది. గుండెకు ఒక డాక్టరు, కిడ్నీకి ఒకరు, షుగరుకు ఒకరు, ఏడాదికోసారి కంటి డాక్టరు. మా నల్లకుంట ఇంట్లో ఈ వైద్య చరిత్రంతా ఒక నీలం ప్లాస్టిక్ ఫైలులోనూ, ఒక పాత మిఠాయి డబ్బాలోనూ, బీరువా మీద పేర్చిన ఎక్స్‌రే కవర్లలోనూ ఉండేది. కొత్త డాక్టరు ఎవరైనా మొదట అడిగే ప్రశ్న ‘ఏమేం మందులు వాడుతున్నారు?’ అన్నదే. ‘పొద్దున తెల్లది సగం, గులాబీది ఒకటి, రాత్రికి చిన్నది’ అని నాన్నగారు చెప్పే సమాధానం మీద ఆధారపడి చీటీ రాసిన డాక్టర్లు కూడా ఉన్నారు. అందుకే ఈ సేవ గురించి వినగానే చేరాను.

చేరిన రోజు సగం పూట రిజిస్ట్రేషన్‌కే పోయింది. ఆసుపత్రిలో నాన్నగారికి అప్పటికే రెండు నంబర్లు ఉన్నాయని ఆ రోజే తెలిసింది: 2016లో స్టెంటు వేసినప్పుడు ఇంటిపేరు ముందు రాసి ఒకటి, తరువాతెప్పుడో ఇంటిపేరు చివర రాసి మరొకటి. కంప్యూటరు దృష్టిలో వాళ్ళు ఇద్దరు మనుషులు. ఒకరికి స్టెంటు ఉంది, మరొకరికి కిడ్నీ సమస్య ఉంది. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటుకూ, ‘ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్’ అనే గళ్ళకూ మధ్య ఇలాంటి జంట రికార్డులు తెలుగునాట ఎన్ని ఆసుపత్రుల్లో పడి ఉన్నాయో అనిపించింది. రెండింటినీ కలపడానికి దరఖాస్తు ఇస్తే 11 రోజులు పట్టింది గాని, కలిపారు. ఈ ఒక్క పనికే చందాలో కొంత గిట్టుబాటైందని ఒప్పుకోవాలి.

అదే కౌంటరులో ఆభా నంబరు కూడా జత చేశారు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ ఇచ్చే 14 అంకెల సంఖ్య అది. 2020 ఆగస్టు 15న ప్రకటించి, ముందు ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో నడిపి చూసి, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ తెచ్చారు. తీసుకోవడం ఐచ్ఛికం. దీని గురించి మా కాలనీలో ఒక అపోహ గట్టిగా ఉంది: మన రిపోర్టులన్నీ ఢిల్లీలో ఎక్కడో ఒక కంప్యూటర్లోకి పోతాయని. ఆ ఏర్పాటు స్వరూపం వేరు. రిపోర్టు తయారుచేసిన ఆసుపత్రి దగ్గరో ల్యాబు దగ్గరో అది ఉంటుంది. ఈ సంఖ్య కింద నమోదయ్యేది అది ఎక్కడుందన్న సంగతి మాత్రమే. వేరొక డాక్టరు చూడాలంటే అభ్యర్థన మన ఫోనుకు వస్తుంది. ఏ రకం పత్రాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ పని కోసం, ఎన్నాళ్ళపాటు అన్నవి అందులో రాసి ఉంటాయి. ఒప్పుకుంటేనే కదులుతాయి, ఇచ్చిన ఒప్పుదలను తరువాత వెనక్కి తీసుకోవచ్చు కూడా. బ్యాంకు లాకరుకు రెండు తాళాలుండటం లాంటి ఈ పద్ధతి కాగితం మీద చూస్తే చాలా ఆలోచించి చేసిందనే చెప్పాలి. ఆచరణలో ఎలా ఉందో తరువాత చెబుతాను.

ముందు ఆసుపత్రి యాప్ సంగతి. రక్త పరీక్ష ఇచ్చిన సాయంత్రానికే రిపోర్టు వస్తుంది. అపాయింట్‌మెంటు మార్చుకోవడం సులువు. తెలుగులో కూడా ఉంది, అయితే ఆ తెలుగు అనువాద యంత్రం చేసింది కాబోలు, ‘డిశ్చార్జి’ అన్న మాటను ఒకచోట ‘విడుదల’ అని రాశారు. నాన్నగారు అది చూసి ‘చర్లపల్లి నుంచా?’ అన్నారు. అక్షరాలు పెద్దవి చేసుకునే వీలు ఉంది, ఇద్దరు కుటుంబ సభ్యులు ఒకే ఖాతా చూడవచ్చు. బెంగళూరులో ఉన్న మా చెల్లెలు కూడా రిపోర్టులు చూసుకోగలుగుతోంది. ఇంతవరకు ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు గ్రాఫుతో మొదలైంది. యాప్‌లో ప్రతి పరీక్షకూ ఒక గీత ఉంటుంది. మూడు నెలలకొకసారి వచ్చిన ఫలితాలను కలిపి అది గీస్తుంది. గత అక్టోబరులో రక్తంలో యూరియా గీత చూస్తే నాకు గుండె ఆగినంత పనైంది, సంతోషంతో. జూలైలో 52 ఉన్నది అక్టోబరుకు 24కు దిగింది. కిడ్నీలు కోలుకుంటున్నాయని చెల్లెలికి ఫోను కూడా చేశాను. తీరా ఆ రిపోర్టు తెరిచి చూస్తే, ఈసారి ఇంటికి వచ్చి రక్తం తీసుకెళ్ళింది ఆసుపత్రితో ఒప్పందం ఉన్న వేరే ల్యాబు అని తేలింది. మొదటి ల్యాబు మొత్తం యూరియా బరువును చెబుతుంది. రెండో ల్యాబు అందులోని నైట్రోజన్ బరువును మాత్రమే చెబుతుంది. దాన్ని బీయూఎన్ అంటారు. నైట్రోజన్ అంకెను 2.14తో గుణిస్తే యూరియా అంకె వస్తుంది. 24ను గుణిస్తే 51 దాటుతుంది. అంటే జూలైకీ అక్టోబరుకూ మధ్య ఆయన ఒంట్లో మారిందేమీ లేదు, మారింది ల్యాబు. రెండు వేర్వేరు కొలతలను ఒకే గీత మీద పెట్టి, కిందికి దిగే ఆకుపచ్చ బాణం గుర్తు కూడా వేసి, యాప్ మాకు శుభవార్త చెప్పింది.

ఇది చిన్న పొరపాటులా కనిపిస్తుంది గాని, వైద్య రికార్డుల కంప్యూటరీకరణలో అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. ఏ పరీక్ష ఏదో ప్రపంచమంతటా ఒకేలా గుర్తుపట్టడానికి లోయింక్ అనే సంకేతాల పట్టిక ఉంది. అందులో యూరియాకు ఒక సంకేతం, యూరియా నైట్రోజన్‌కు వేరే సంకేతం ఉంటాయి. కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో ప్రకటించి 2016లో సవరించిన ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాల్లో లోయింక్‌ను పేర్కొన్నారు. రోగ నిర్ధారణల పేర్లకు పనికొచ్చే స్నోమెడ్ పదకోశంలో భారతదేశం 2014 నుంచి సభ్యదేశం కాబట్టి, దాన్ని వాడుకోవడానికి మన ఆసుపత్రులు రుసుము కట్టనక్కరలేదు. కావలసిన సామగ్రి అంతా పదేళ్ళుగా చేతిలో ఉన్నదే. రిపోర్టు పంపే ల్యాబు ఆ సంకేతం రాయాలి, అందుకునే ఆసుపత్రి దాన్ని చూసి గీత గీయాలి. ఇక్కడ యాప్ ‘యూరియా’ అన్న అక్షరాలు రెండు పేర్లలోనూ ఉన్నాయని చూసి కలిపేసింది. హెల్ప్‌లైనుకు ఫోను చేస్తే, ‘రిపోర్టులో అంకె సరిగానే ఉంది కదండీ’ అన్నారు. నిజమే, అంకె సరిగానే ఉంది.

ఇక ఈ సమీక్ష రాయడానికి నన్ను పురిగొల్పిన సంగతి. గత జూలైలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌తో, చలిజ్వరంతో నాన్నగారిని నాలుగు రోజులు చేర్చవలసి వచ్చింది. ఆయనకు సల్ఫా రకం యాంటీబయాటిక్ మందులు పడవు. చిన్నప్పుడెప్పుడో ఒళ్ళంతా దద్దుర్లు లేచి ప్రాణం మీదికి వచ్చిందట. చేరేటప్పుడు వార్డు నర్సుకు చెప్పాను. ఆమె కాగితం మీద ఎర్ర అక్షరాలతో రాసుకున్నారు, ఆయన చేతికి ఎర్ర పట్టీ కూడా కట్టారు. వార్డులో ఉన్నంతకాలం ఎవరూ పొరపాటు చేయలేదు. ఇంటికి పంపేటప్పుడు రెండు కట్టలు చేతికిచ్చారు. ఒకటి మూడు పేజీల డిశ్చార్జి సమ్మరీ, రెండోది 11 పేజీల బిల్లు.

నేను 24 ఏళ్ళుగా ఆడిట్ ఉద్యోగంలో ఉన్నాను; బిల్లు ఇస్తే చదవకుండా ఉండలేను. ఆ బిల్లులో 19 సిరంజిలు, 26 జతల గ్లవ్స్, ఒక థర్మామీటరు, రెండు దూది చుట్టలు ఉన్నాయి. ఏ తేదీన ఏ గంటకు ఇచ్చారో కూడా ఉంది. లెక్క సరిచూశాను, ఒక్క పైసా తేడా లేదు. అంత శ్రద్ధగా రాసిన పత్రాన్ని ప్రభుత్వ శాఖల్లో కూడా నేను అరుదుగా చూశాను. తరువాత సమ్మరీ తెరిచాను. మొదటి పేజీలో నాలుగో వరుసలో ‘అలర్జీలు: ఏవీ లేవు’ అని ఉంది.

పది రోజుల తరువాత ఓపీలో చూసిన జూనియర్ డాక్టరు, మూత్రంలోని సూక్ష్మజీవిని పెంచి చూసే కల్చర్ పరీక్షలో అది సల్ఫా మందుకు లొంగుతుందని వచ్చింది కాబట్టి, తెర మీద ‘అలర్జీలు ఏవీ లేవు’ అని కనబడుతోంది కాబట్టి, సరిగ్గా ఆ మందే రాయబోయారు. ఆయన తప్పేమీ లేదు, తన ముందున్న రికార్డును నమ్మారు. నేను పక్కన లేకపోతే ఏమయ్యేదో ఊహించడం ఇష్టం లేదు.

ఎందుకిలా జరిగిందో ఆసక్తి కొద్దీ అడిగి తెలుసుకున్నాను. అలర్జీని నర్సు రాసుకున్నది కాగితం ఫారం మీద. సమ్మరీని టైపు చేసేది మరొకరు, కంప్యూటరులో ముందే తయారుగా ఉన్న నమూనా మీద. ఆ నమూనాలో అలర్జీల గడిని ఎవరూ ముట్టకపోతే, అది ఖాళీగా ఉండదు. తనంతట తానే ‘ఏవీ లేవు’ అని నింపుకుంటుంది. లెక్కల పనిలో ఉన్నవాళ్ళకు ఇది ఎంత ఘోరమో వెంటనే అర్థమవుతుంది. ఖాతాలో సున్నా రాయడం వేరు, పద్దు రాయకపోవడం వేరు. అడిగి, లేవని తెలుసుకుని ‘లేవు’ అని రాసినదానికీ, అసలు ఎవరూ అడగనిదానికీ ఆ సాఫ్ట్‌వేరులో తేడా లేదు.

మరి సిరంజిలు 19 అని అంత కచ్చితంగా ఎలా తెలిసింది? ఫార్మసీలో ఇండెంటు, అంటే కావలసిన సరుకు చీటీ, ఎక్కించకపోతే సిరంజి వార్డుకు రాదు. ఎక్కించింది బిల్లులోకి రాకపోతే ఆసుపత్రికి నష్టం, ఆధారం లేకుండా వస్తే బీమా సంస్థ తరఫున చూసే టీపీఏ కోత పెడుతుంది. తప్పు రాస్తే ఆ రోజే ఎవరో ఒకరి జేబుకు చిల్లు పడుతుంది కనుక, ఆ దారి పొడుగునా కాపలా ఉంది. అలర్జీ గడి తప్పైతే ఆసుపత్రిలో ఎవరి లెక్కా తప్పదు. ఈ సేవ వెనుక ఉన్న కంప్యూటరు వ్యవస్థ మొత్తం క్యాష్ కౌంటరు దగ్గర పుట్టి, అక్కడి నుంచి వార్డుల్లోకి పాకిందన్నది నా అంచనా. ఇది ఒక్క ఆసుపత్రి తీరు కూడా కాదనుకుంటాను. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు ముందస్తు అనుమతులూ క్లెయిములూ ఆన్‌లైన్‌లో నడవడం మొదలైంది. అది ఎంతోమందికి మేలు చేసిన పథకం, 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలకు పెరిగింది కూడా. అయితే కంప్యూటరు అంటే క్లెయిము పంపే పెట్టె అన్న అలవాటు మన ఆసుపత్రులకు ఆ కాలం నుంచే పట్టుకుందేమో. రోగిని చూసుకోవడానికి రాసే రికార్డు వేరు, డబ్బు రాబట్టుకోవడానికి రాసే రికార్డు వేరు.

ఇప్పుడు సిస్టర్ గురించి రాయాలి. మాకు కేటాయించిన నర్సుకు 30 ఏళ్ళుంటాయి, ఖమ్మం జిల్లా అమ్మాయి. నాన్నగారిని మొదట్లో అందరిలాగే ‘అంకుల్’ అనేది. ఆయనకది నచ్చదని రెండో ఫోనుకే పసిగట్టి ‘మాస్టారూ’ అనడం మొదలుపెట్టింది, ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారని ఫారంలో చూసి. రికార్డులోని ఒక వాక్యాన్ని వైద్యానికి పనికొచ్చేలా వాడుకున్న వ్యక్తిని ఆ ఆసుపత్రిలో నేను చూడటం అదే మొదలు.

చేరిన వారానికి ఆమె నన్ను ఒక విచిత్రమైన సాయం అడిగింది: ‘సార్, డాక్టర్ల చీటీలు నా దగ్గర ఉన్నాయి. మీరు మెడికల్ షాపు బిల్లులు ఆరు నెలలవి వాట్సాప్ చేయండి. చీటీలో ఏం రాశారో నాకొద్దు, మాస్టారు ఏం మింగుతున్నారో కావాలి.’ నేను పంపాను. నాలుగు రోజుల్లో ఆమె తేల్చిన విషయాలు రెండు. గుండె డాక్టరు బీపీకి టెల్మిసార్టాన్ ఒక కంపెనీ పేరుతో రాశారు. కిడ్నీ డాక్టరు టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిసిన మాత్రను మరో కంపెనీ పేరుతో రాశారు. పేర్లు వేరు, రంగులు వేరు కనుక నాన్నగారు రెండూ నమ్మకంగా వేసుకుంటున్నారు. పొద్దున లేవగానే కళ్ళు తిరుగుతున్నాయని ఆయన అంటుంటే మేము వయసనుకున్నాం. రెండోది, మోకాళ్ళ నొప్పులకు వీధి చివర క్లినిక్కులో రాసిచ్చిన డైక్లోఫెనాక్ మాత్ర. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళకు అలాంటి నొప్పి మాత్రలు చేసే చెరుపు తెలిసిందే. అందులోనూ టెల్మిసార్టాన్ వాడేవాళ్ళు నెలల తరబడి వేసుకోవడం మరీ ప్రమాదం. పెద్దాసుపత్రిలోని ముగ్గురు డాక్టర్లలో ఎవరి తెర మీదా ఆ మాత్ర లేదు. అది ఉన్నదల్లా మందుల షాపు బిల్లులో.

ఇద్దరు డాక్టర్లతోనూ మాట్లాడి, అదనపు టెల్మిసార్టాన్‌ను ఆపించి, నొప్పి మాత్రకు బదులు పారాసిటమాల్ రాయించి, చివరికి ఒక పేజీ జాబితా తయారుచేసి పంపింది. మందు అసలు పేరు, కంపెనీ పేరు, మాత్ర రంగు, వేళ, ఎందుకోసం, ఎవరు రాశారు అన్నవి అందులో తెలుగులో ఉన్నాయి. దాని ప్రతి మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది, మరొకటి నాన్నగారి జేబులో ఉంటుంది. నెల తిరిగేసరికి కళ్ళు తిరగడం తగ్గింది. షుగరు మందు మెట్‌ఫార్మిన్ మోతాదును కూడా క్రియాటినిన్ 1.6 దాటుతున్న సమయంలో షుగరు డాక్టరుకు గుర్తుచేసి సగానికి తగ్గించేలా చూసింది. కిడ్నీల వడపోత ఒక స్థాయికి దిగితే ఆ మందును తగ్గించాలని, మరింత దిగితే పూర్తిగా ఆపాలని డాక్టర్లందరికీ తెలుసు. వడపోత దిగిన సంగతి ఆ రోజు ఆ గదిలో ఉన్న డాక్టరుకు తెలియజేసే మనిషే ఇంతకాలం లేకపోయింది. 12,000 రూపాయల చందాలో 11,000 ఈ అమ్మాయి పనికి, మిగిలింది యాప్‌కు అని నేను లెక్క వేసుకున్నాను.

అయితే ఈ మెచ్చుకోలుకు ఒక చీకటి కోణం ఉంది. ఆమె జనవరిలో పెళ్ళికని మూడు వారాలు సెలవు పెట్టింది. బదులుగా వచ్చిన అబ్బాయి మర్యాదస్తుడే. మొదటి ఫోనులోనే అడిగాడు: ‘అంకుల్‌కి షుగర్ ఏమైనా ఉందాండీ?’ ఆసుపత్రి వ్యవస్థలో ఆమె రాసుకోవడానికి చోటే లేదని అప్పుడు తెలిసింది. ఆ మందుల జాబితా, పడని మందుల వివరం, మాట్లాడిన ప్రతి ఫోను సారాంశం ఆమె తన లాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీటులో పెట్టుకుంది. డాక్టరు తన తెర మీద చూసేది పాత చీటీలనే. ఆమె సరిచేసిన జాబితా డాక్టరుకు చేరేది వాట్సాప్‌లో, లేదా మా జేబులోని కాగితం ద్వారా. సమన్వయం అన్న పేరుతో అమ్ముతున్న సేవలో అత్యంత విలువైన పత్రం, ఆ ఆసుపత్రి అధికారిక రికార్డులో లేనే లేదు. ఆమె రేపు ఉద్యోగం మారితే ఆ షీటు ఏమవుతుందని అడిగితే మేనేజరు గారు నవ్వి ఊరుకున్నారు. తనకు ఉన్న తలనొప్పులన్నిటినీ ఆ అమ్మాయి కూడా ఒకసారి చెప్పుకుంది: ఒక్కతే 180 మంది రోగులను చూసుకోవాలట.

ఆసుపత్రి గోడ దాటాక ఏం జరుగుతుందో కూడా పరీక్షించాను. కంటి పరీక్ష వేరేచోట చేయించాం. ఆ రిపోర్టును మా షుగరు డాక్టరు చూడాలి, ఎందుకంటే కంటి లోపలి పొరలో మార్పులుంటే కిడ్నీలో కూడా షుగరు పని మొదలైందని అనుమానిస్తారు. ఆభా ద్వారా అభ్యర్థన పంపమని ఓపీలో అడిగితే, డాక్టరు గారి సహాయకుడికి ఆ మీట ఎక్కడుందో కనిపెట్టడానికి ఏడు నిమిషాలు పట్టింది. నా ఫోనుకు సందేశం వచ్చింది, ఒప్పుకున్నాను, నిమిషంలో రికార్డు వచ్చేసింది. ఆ ఏర్పాటు పనిచేస్తుందని కళ్ళారా చూశాను. వచ్చింది మాత్రం చేతిరాత చీటీకి తీసిన ఫోటో, పీడీఎఫ్ రూపంలో. ఆసుపత్రుల మధ్య రికార్డులు మారడానికి ‘ఫైర్’ అని పలికే ఒక అంతర్జాతీయ పద్ధతిని ఎంచుకున్నారు; ప్రతి అంకెనూ దాని అర్థంతో సహా విడివిడిగా పంపగల పద్ధతి అది. అయితే అదే కవరులో ఒక పీడీఎఫ్ పెట్టి పంపినా ఆ పద్ధతి కాదనదు. కాబట్టి కవరు మీద చిరునామా చక్కటి దస్తూరీతో ఉంటుంది, లోపల బొమ్మ ఉంటుంది. మనిషి చదువుకోగలడు, కంప్యూటరు చదవలేదు. డాక్టరుకు ఒక్కో రోగికి ఉన్న ఆరు నిమిషాల్లో మనిషి కూడా చదవడు.

కంటి వైద్యం మాట వచ్చింది కాబట్టి ఒక పోలిక. బంజారా హిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2010 ప్రాంతం నుంచే తాను సొంతంగా తయారు చేసుకున్న ‘ఐస్మార్ట్’ అనే రికార్డు వ్యవస్థను వాడుతోంది. మా పిన్నిగారికి అక్కడ శుక్లం ఆపరేషను చేయించినప్పుడు నేను గమనించింది ఒక్కటే: ఏ కన్ను, ఎంత చూపు, లోపలి ఒత్తిడి ఎంత అన్నవి డాక్టరు గదిలోనే గళ్ళలో పడుతున్నాయి, తరువాత టైపు చేసేవాళ్ళు లేరు. వైద్యం చేసేవాళ్ళు తమ పని కోసం అడిగి చేయించుకున్న సాఫ్ట్‌వేరుకూ, కొనుక్కొచ్చి వాళ్ళ నెత్తిన పెట్టినదానికీ తేడా రోగి కుర్చీలో కూర్చున్నా తెలుస్తుంది. ఒకే అవయవాన్ని చూసే ఆసుపత్రికి ఇది సులువని వాదించవచ్చు, ఆ వాదనలో న్యాయం కూడా ఉంది.

ప్రభుత్వ వైపు చూస్తే, 2018లో మొదలైన బస్తీ దవాఖానాలో ఒకసారి నాన్నగారి రక్తం ఇచ్చాం. నమూనా తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రానికి వెళ్ళి రిపోర్టు ఫోనుకు వచ్చింది, పైసా ఖర్చు లేదు. దాన్ని మేమే డౌన్‌లోడు చేసి, ఆసుపత్రి యాప్‌లో ‘ఇతర పత్రాలు’ అన్న మూలలో ఎక్కించాం. ఆ మూలను డాక్టర్లు తెరవగా నేను చూడలేదు.

ఈ సేవ తీసుకున్నా తీసుకోకపోయినా, పాఠకులకు పనికొచ్చే ఒక మాట ఇక్కడ చెప్పాలి. డాక్టర్ల వృత్తి నియమావళి, 2002 ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్ళు భద్రపరచాలి, రోగి గాని, రోగి అధికారమిచ్చినవాళ్ళు గాని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. జూలై నాటి నర్సు కాగితాల నకలు కావాలని మెడికల్ రికార్డుల విభాగంలో తెల్లకాగితం మీద దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకున్నాను. మొదట ‘సమ్మరీ ఇచ్చాం కదా’ అన్నారు. నియమం పేరు చెప్పగానే మూడో రోజుకు 64 పేజీలు ఇచ్చారు. అందులో ఎర్ర అక్షరాలతో రాసిన సల్ఫా అలర్జీ పేజీ ఉంది. దాన్ని ఆధారంగా చూపించి సమ్మరీని సవరించమని అడిగాను. సంతకం చేసిన సమ్మరీని మార్చడానికి వీల్లేదని, అనుబంధ పత్రం ఇస్తామని అన్నారు. అది సబబైన పద్ధతే, ఖాతా పుస్తకంలో కూడా కొట్టివేతలు ఉండకూడదు. ఇన్‌పేషెంట్‌గా చేరి వచ్చిన ప్రతి ఒక్కరూ, ఇంటికి వచ్చాక కాదు, ఇంకా మంచం మీద ఉండగానే సమ్మరీ చిత్తుప్రతి అడిగి, మందులు, అలర్జీలు అన్న రెండు వరుసలు చదివి సంతకం పెట్టడం మంచిది. బిల్లు క్లియరెన్సు కోసం ఎలాగూ నాలుగైదు గంటలు కూర్చోబెడతారు, సమయానికి కొదవుండదు.

ఎవరు తీసుకోవచ్చు అంటే, ముగ్గురు నలుగురు డాక్టర్ల మధ్య తిరిగే పెద్దవాళ్ళున్న ఇంటికి ఇది డబ్బు దండగ కాదు. ఒకే జబ్బుకు ఒకే డాక్టరును చూపించుకునేవాళ్ళకు అవసరం లేదు. రిపోర్టుల యాప్ చందా లేకుండానే వస్తుంది. చేరేటప్పుడు యాప్ గురించి కాకుండా, మీకు ఇచ్చే నర్సు ఎవరు, ఆమె చేతిలో ఎంతమంది రోగులున్నారు, ఆమె సెలవు పెడితే ఎవరు చూస్తారు, ఆమె రాసుకునే జాబితా డాక్టరుకు తెర మీద కనిపిస్తుందా అని అడగండి. మాకు ఆ అమ్మాయి దొరకడం అదృష్టం, అదృష్టాన్ని సేవాలోపాలకు పరిహారంగా లెక్కగట్టలేం. అయిదుకు మూడు చుక్కలు ఇస్తున్నాను. అందులో రెండున్నర ఆమెవి.

గత నెల చందా మళ్ళీ కట్టాను. కట్టేముందు సలహాల ఫారంలో మూడు కోరికలు రాశాను: అలర్జీల గడి తనంతట తాను నిండకూడదని, సిస్టర్ జాబితాను రికార్డులోకి తీసుకోవాలని, యూరియా గీతను సరిచేయాలని. వారం క్రితం ఓపీకి వెళ్ళినప్పుడు డాక్టరు గారి తెర మీద నాన్నగారి పేరు పక్కన సల్ఫా అన్న మాట ఎర్రగా కనిపించింది. ఎవరు చేశారని అడిగితే, సిస్టరు గారు ఐటీ వాళ్ళ వెంటపడి వేయించారని సహాయకుడు చెప్పాడు. ఆమె జాబితా ఇంకా ఎక్సెల్‌లోనే ఉంది. ఈసారి రక్తం మళ్ళీ పాత ల్యాబు వాళ్ళు తీసుకున్నారు. యాప్‌లో గీత 24 నుంచి 55కు లేచింది, పక్కన ఎర్ర బాణం గుర్తు వేసి, వెంటనే డాక్టరును సంప్రదించమని నాన్నగారి ఫోనుకు రాత్రి పదకొండింటికి సందేశం పంపింది.